ఎలక్ట్రిక్ సైకిల్‌కు సోలార్ క్యాంపింగ్ ట్రైలర్: కాగితం మీద లెక్క నుంచి తొలి పరుగు దాకా

ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత గది, దాని నెత్తిన సోలార్ ప్యానెళ్లు, ముందు లాగడానికి ఎలక్ట్రిక్ సైకిల్. వెల్డింగు, డ్రిల్లు, మల్టీమీటరు చేతికి అలవాటున్నవాళ్లు నాలుగైదు వారాంతాల్లో దీన్ని పూర్తి చేయొచ్చు. చాలామంది మొదట ప్యానెళ్లు కొనేసి, వాటికి తగ్గట్టు డబ్బా కట్టేసి, చివర్లో చక్రాల గురించి ఆలోచిస్తారు. అలా కట్టిన ట్రైలరు బరువెక్కువై ఎత్తు ఎక్కదు, తోక బరువెక్కువై దిగేటప్పుడు ఊగుతుంది. కరెంటు పనిలో తప్పు జరిగితే చాలాసార్లు ఫ్యూజే పోతుంది. బరువు పంపకంలో తప్పు జరిగితే మనిషే పడతాడు. అందుకే ఈ మార్గదర్శిలో బరువు ముందు, ఎండ తర్వాత.

ఇక్కడి కొలతలన్నీ ఒకే డిజైన్‌వి: గది పొడవు 200 సెం.మీ., వెడల్పు 70, నేల నుంచి కప్పు దాకా 85, రెండు 20 అంగుళాల చక్రాలు, 200 వాట్ల ప్యానెళ్లు, 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ.

1. ఎండ ఎంత, దూరం ఎంత

ప్యానెల్ మీద 100 వాట్లని రాసి ఉంటుంది. అది చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత ఉన్నప్పటి మాట. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ 60-65 డిగ్రీలకు కాగుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున అక్కడే దాదాపు 14 శాతం పోతుంది. ఎండకు ఎదురుగా వాలి ఉండకపోవడం, దుమ్ము, వైరు, కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) నష్టాలు కూడా కలిపితే చేతికొచ్చేది 65 శాతం అనుకోండి. బాగా ఎండ కాసే రోజున 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు దొరికితే:

200 × 5 × 0.65 = 650 వాట్ అవర్లు.

రాత్రి ఖర్చు ఇందులోంచి తీసేయాలి. రెండు ఫోన్లకు 30, 5 వాట్ల లైటు నాలుగు గంటలకు 20, 6 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 48. మొత్తం సుమారు 100. మిగిలిన 550 ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) గుండా, ఛార్జర్ గుండా సైకిల్ బ్యాటరీకి చేరేసరికి ఇంకో పాతిక శాతం కరిగి 410 అవుతుంది.

ఇక ఖర్చు వైపు. ట్రైలరు లేని సైకిల్ కి.మీ.కు 8-12 వాట్ అవర్లు తింటుంది. 65 కిలోల ట్రైలరు గంటకు 20 కి.మీ. వేగంలో, చదును దారిలో, గాలి ఒత్తిడికీ టైర్ల రాపిడికీ కలిపి మరో 4 దాకా అడుగుతుంది. కి.మీ.కు 14 వేసుకుంటే రోజంతా పట్టిన ఎండకు దాదాపు 30 కి.మీ. వస్తుంది. వేగం 25కి పెంచితే గాలి మీద ఖర్చు ఒకటిన్నర రెట్లవుతుంది. మనిషి, సైకిల్, ట్రైలరు కలిపి 170 కిలోలుంటే, తొక్కకుండా మోటారు మీదే ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ చదును దారి ఖర్చుకు తోడు మరో 65 వాట్ అవర్లు రాసుకోండి. మబ్బు పట్టిన రోజున 650 కాస్తా 200కు పడిపోవచ్చు. కాబట్టి దీన్ని ఎండ మీదే నడిచే బండిగా చూడకండి. రోజుకు 30 కి.మీ. అదనంగా ఇచ్చే బండి ఇది, ప్రయాణం ఆ లెక్కన వేసుకోవాలి.

2. బరువు చిట్టా

కొనే ముందు ప్రతి వస్తువు బరువూ రాసుకోండి. ఈ డిజైన్‌కు ఇలా వస్తుంది: నేల చట్రం 9 కిలోలు, నొగ (సైకిల్‌కు తగిలించే ముందు పైపు) 2, టైర్లతో సహా చక్రాలు 3.5, ప్లైవుడ్ నేల 5, పై ఫ్రేము 4, గోడలు 5, ఫోము 4, ప్యానెళ్లు 5, బ్యాటరీ 6, ఇన్వర్టర్, కంట్రోలర్, వైర్లు 3, మడత కాళ్లు 2, నట్లు, బోల్టులు, టేపులు 2. మొత్తం సుమారు 50 కిలోలు. పరుపు, బట్టలు, నీళ్లు, పొయ్యి కలిపి 15 దాటనివ్వకండి. చిట్టా 70 దాటిందంటే ముందు గది ఎత్తు తగ్గించండి. దాంతో గోడలు, ఫోము, పై ఫ్రేము, గాలి ఒత్తిడి ఒక్కసారే తగ్గుతాయి.

3. నేల చట్రం

25×25 మి.మీ., 1.2 మి.మీ. మందం స్టీల్ స్క్వేర్ పైపు తీసుకోండి. మీటరు 0.9 కిలోలు. అల్యూమినియం తేలికే గానీ, దాని వెల్డింగుకు వేరే మిషను, వేరే చేయి కావాలి. పైగా వెల్డు వేడి తగిలిన చోట బలం బాగా తగ్గుతుంది. బరువు మోసే నేల చట్రానికి స్టీలు, మోయనక్కర్లేని పై ఫ్రేముకు అల్యూమినియం సరైన పంపకం.

200 సెం.మీ. పైపులు రెండు, వాటి మధ్య 50 సెం.మీ.కు ఒకటి చొప్పున అడ్డపట్టీలు ఐదు. నాలుగు మూలలా ముందు చుక్క వెల్డులు మాత్రమే పెట్టి, ఎదురుబొదురు మూలల మధ్య దూరం కొలవండి. 200×70 చట్రానికి అది 211.9 సెం.మీ. రావాలి, రెండు కొలతల మధ్య తేడా 3 మి.మీ. లోపుండాలి. తేడా ఉంటే సుత్తితో సర్దడానికి అదే సమయం. పూర్తి వెల్డు ఒక మూల వేశాక దాని ఎదురు మూలకు వెళ్లండి. ఒకే వైపు వరసగా వేస్తూ పోతే చట్రం అటు లాక్కుపోతుంది. పైపు చివరలు ప్లాస్టిక్ మూతలతో మూసి, కింది ముఖాన 4 మి.మీ. రంధ్రం ఒకటి వదలండి. లోపలికి చేరిన నీళ్లు బయటికి పోవాలి కదా.

4. చక్రాలు

సైకిల్ మలుపులో ఒరుగుతుంది, కాబట్టి దాని చక్రం మీద బరువు నిలువుగానే పడుతుంది. రెండు చక్రాల ట్రైలరు ఒరగదు. మలుపులో బరువంతా చువ్వల మీద పక్కనుంచి తోస్తుంది. పెద్ద చక్రాలు ఇక్కడ పనికిరావు. 36 చువ్వల 20 అంగుళాల చక్రాలు, 1.75 నుంచి 2.1 అంగుళాల టైర్లు తీసుకోండి. టైరు పక్కన రాసిన గరిష్ఠానికి కొంచెం తక్కువగా గాలి పెట్టండి.

మామూలు సైకిల్ హబ్బు ఇరుసును రెండు వైపులా పట్టుకోవాలి. ఒక్క వైపే బిగించి వేలాడదీస్తే ఇరుసు వంగుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. చక్రానికి రెండు 5 మి.మీ. స్టీల్ ప్లేట్లు, వాటి మధ్య 100 మి.మీ. ఎడం, ఇరుసు కూర్చునే గాడి కిందికి తెరుచుకునేలా. లోపలి ప్లేటు చట్రం పక్కన, బయటి ప్లేటు చట్రం నుంచి బయటికొచ్చిన చిన్న పైపు చట్టానికి. మొత్తం వెడల్పు 95 సెం.మీ. లోపు ఉంచండి. మీ ప్రాంతంలో సైకిల్ ట్రైలరు వెడల్పు, బరువు, లైట్లకు ఏ హద్దులున్నాయో పైపు కోయకముందే చూసుకోవాలి.

చక్రాల జత మొత్తాన్ని చట్రానికి వెల్డు చేయకండి. యూ-బోల్టులతో బిగించి, ముందుకూ వెనక్కూ 15 సెం.మీ. జరిగే వీలుంచండి. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది. రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో ఇరుసు ఎత్తులో రిమ్ముల ముందు అంచుల మధ్య, వెనక అంచుల మధ్య కొలిచి చూడండి. తేడా 3 మి.మీ. దాటితే ట్రైలరు బ్రేకు వేసినట్టు ఈడుస్తుంది, టైర్లు కొద్ది వందల కిలోమీటర్లకే అరిగిపోతాయి.

5. నొగ, కొక్కెం

బండికి నొగలాగే ట్రైలరుకూ ముందుకు చాచిన పైపు కావాలి: 30 మి.మీ. స్టీలు, సైకిల్ వెనక చక్రం ఎడమ పక్కగా వంగి వెళ్లేలా. సైకిల్ వెనక ఇరుసు నుంచి గది ముందు గోడ దాకా కనీసం 60 సెం.మీ. వదలండి. సైకిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి చూసి, టైరుకూ గోడకూ మధ్య అరచేయి పట్టేంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి.

కొక్కెం మూడు రకాలుగా తిరగాలి: పక్కలకు, పైకీ కిందికీ, మెలికగా. మూడోది లేకపోతే సైకిల్ పక్కకు పడినప్పుడు ట్రైలరును కూడా తిరగేస్తుంది. సైకిల్ ట్రైలర్ల కోసమే అమ్మే రెడీమేడ్ కొక్కెం కొంటున్నప్పుడు అది మీ బరువుకు తగినదేనా అని చూడండి. చాలావాటి హద్దు 40-45 కిలోల దగ్గరే ఆగుతుంది. ఎక్కువ బరువుకు 10 మి.మీ. రాడ్ ఎండ్ బేరింగు, గట్టి పిన్ను, దానికి లాక్ క్లిప్పు నమ్మకమైనవి. తోడుగా 25 మి.మీ. నైలాన్ పట్టీ ఒకటి నొగ నుంచి సైకిల్ ఫ్రేముకు తప్పనిసరి.

వెనక చక్రంలో హబ్ మోటారున్న సైకిళ్లకు ఒక జాగ్రత్త. కొక్కెం ప్లేటును మోటారు ఇరుసు నట్టు కింద దూర్చితే నట్టుకు పట్టే మరలు తగ్గిపోతాయి. మోటారు తిప్పుడు బలానికి నట్టు వదులై ఇరుసు గాడిలోంచి బయటపడుతుంది. నట్టు పూర్తిగా ఎక్కి ఇంకా రెండు మూడు మరలు బయటికి కనపడితేనే అక్కడ బిగించండి. లేకుంటే ఫ్రేము వెనక పైపులకు వేరే బ్రాకెట్టు చేయించాలి.

6. ముక్కు బరువు: తూచి తీరాలి

కొక్కెం దగ్గర ట్రైలరు కిందికి నొక్కే బరువే ముక్కు బరువు. అది 4-6 కిలోలుండాలి. మరీ ఎక్కువైతే వెనక చక్రం చువ్వలు తెగుతాయి. సున్నా అయినా, తోక బరువెక్కి మైనస్ అయినా ట్రైలరు సైకిల్ వెనక భాగాన్ని పైకి లేపుతుంది. దిగుడులో వేగం పెరిగినకొద్దీ తోక అటూ ఇటూ ఊగడం మొదలై, ఒక్కో ఊపుకూ పెద్దదవుతుంది. ఆ స్థితిలో గట్టిగా బ్రేకు వేస్తే సైకిల్ అడ్డం తిరుగుతుంది.

లెక్క తేలిక. 65 కిలోల ట్రైలరు, కొక్కెం నుంచి ఇరుసుకు 170 సెం.మీ. దూరం. ముక్కున 5 కిలోలు రావాలంటే మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు 5 ÷ 65 × 170 = 13 సెం.మీ. ముందు ఉండాలి.

తూచే పద్ధతి: ట్రైలరును చదును నేల మీద నిలిపి, నీళ్లు, పరుపు, బట్టలతో సహా ప్రయాణంలో ఉండే చోటనే సామాను సర్దండి. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే తూకం యంత్రం మీద చెక్క దుంగ నిలబెట్టి, నొగ చివర సరిగ్గా సైకిల్ ఇరుసు ఎత్తుకు వచ్చేలా ఆనించండి. నొగ వంగి ఉన్నా, లేచి ఉన్నా అంకె మారిపోతుంది. వచ్చిన సంఖ్యలోంచి దుంగ బరువు తీసేయండి. 2 కిలోలు చూపిస్తే చక్రాల జతను 8-9 సెం.మీ. వెనక్కి, 9 చూపిస్తే దాదాపు 10 సెం.మీ. ముందుకు జరిపి మళ్లీ తూచండి. నీళ్ల డబ్బాను ఇరుసు పైనే ఉంచితే అది ఖాళీ అయినా ముక్కు బరువు మారదు. సర్దుబాటు పూర్తయ్యాక యూ-బోల్టులకు లాక్ నట్లు వేసి, పెయింటు గీత గీయండి. ఆ గీత చెదిరితే బోల్టు జారిందని చూడగానే తెలుస్తుంది.

7. గది

6 మి.మీ. ప్లైవుడ్ నేల, 20×20×1.5 మి.మీ. అల్యూమినియం పై ఫ్రేము, గోడలకు లోపల గొట్టాల్లాంటి అరలుండే 4 మి.మీ. పాలీప్రొపిలీన్ షీటు, దాని లోపలి వైపు 20 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోము (గట్టి థర్మోకోల్ లాంటిది). పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు అంటదు. పెద్ద వాషర్లతో 4 మి.మీ. రివిట్లు 15 సెం.మీ.కు ఒకటి చొప్పున కొట్టాలి. ఈ షీటు ఎండకు బాగా సాగుతుంది: 2 మీటర్ల షీటు 30 డిగ్రీల తేడాకు 6 మి.మీ. పైనే. అందుకే నడిమి రివిట్టు బిగువుగా, మిగతా రంధ్రాలు కోలగా ఉంచండి. లేకపోతే మధ్యాహ్నానికి గోడ ఉబ్బి రివిట్లు పీకేసుకుంటుంది. ఎండకు పెళుసెక్కని రకం, తెలుపు రంగు ఎంచుకోండి. ఫోముకు ద్రావకం కలిసిన జిగురు వాడితే కరిగిపోతుంది. నీటి ఆధారిత జిగురు వాడండి.

కాళ్ల వైపు కింద ఒకటి, తల వైపు పైన ఒకటి, మూతపడని 10×10 సెం.మీ. గాలి కంతలు దోమతెరతో ఉండాల్సిందే. ఇంత చిన్న గదిలో అవి లేకపోతే ఊపిరి తేమ గోడల మీద నీళ్లై కారుతుంది, గాలి కూడా చెడుతుంది. లోపల పొయ్యి, బొగ్గు ఎప్పుడూ వెలిగించకండి. వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపు లోపలి నుంచి ఒక్క చేత్తో తెరుచుకోవాలి. పడుకునే ముందు నాలుగు మూలల మడత కాళ్లు దించాలి. మనిషి ఒక చివరికి జరిగితే రెండు చక్రాల మీది గది తూగుడుబల్లలా లేస్తుంది.

8. ప్యానెళ్లు

గాజు ప్యానెల్ ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. కానీ 100 వాట్లది 6-7 కిలోలు, రెండు కలిపి 13 కిలోల బరువు నెత్తిన పడుతుంది. మలుపులో బోల్తా కొట్టే గుణం పెరుగుతుంది. ఈ బండికి వంగే రకమే మేలు, ఒక్కోటి 2-2.5 కిలోలు. అయితే వాటిని వంచకండి, కప్పుకు నేరుగా అతికించకండి. అతికిస్తే వేడి దిగే దారి లేక సెల్స్ మాడి, వాటి మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి. వెనక గట్టి షీటు ఆధారంగా పెట్టి, కప్పుకు 20 మి.మీ. ఎత్తున పట్టీల మీద బిగించండి. ముందు నుంచి వెనక్కి గాలి ఆడాలి. ప్యానెళ్లు చేతికొచ్చాకే కప్పు కొలత ఖాయం చేయండి; ఒకే 100 వాట్లయినా ఒక్కో తయారీది ఒక్కో కొలత.

9. వైరింగ్

ఈ ప్యానెల్ పని వోల్టేజి సుమారు 18, ఖాళీ వోల్టేజి (ఏదీ తగిలించనప్పటిది) 22, కరెంటు 5.5 ఆంపియర్లు. రెండింటినీ సిరీస్‌లో కలపండి: 36 వోల్టులు, 5.5 ఆంపియర్లు. పారలల్‌లో పెడితే వేడికి వోల్టేజి పడి, కొన్ని కంట్రోలర్లు మొదలు కావడానికే ఇబ్బంది పడతాయి. చల్లని ఉదయాన సిరీస్ ఖాళీ వోల్టేజి 50 దాకా వెళ్లొచ్చు కాబట్టి 75 వోల్టులు, 20 ఆంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ ఇవ్వగలిగినంత శక్తినీ లాగే రకం) కంట్రోలర్ సరిపోతుంది. చవకైన పీడబ్ల్యూఎం రకం ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 100 వాట్ల ప్యానెల్ నుంచి 75 కూడా రావు.

వైర్లు, ఫ్యూజులు: ప్యానెళ్ల నుంచి కంట్రోలర్‌కు 4 చదరపు మి.మీ. సోలార్ వైరు, మధ్యలో డీసీ బ్రేకరు. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 6 చదరపు మి.మీ., 25 ఆంపియర్ల ఫ్యూజు. బ్యాటరీ నుంచి 300 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్‌కు 10 చదరపు మి.మీ., 40 ఆంపియర్ల ఫ్యూజు. లైటు, ఫ్యానుకు 1.5 చదరపు మి.మీ., 5 ఆంపియర్లు. యూఎస్‌బీకి 2.5 చదరపు మి.మీ., 10 ఆంపియర్లు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు 15 సెం.మీ. లోపే ఉండాలి. అది కాపాడేది తన తర్వాతి వైరునే, ముందున్న ముక్కను కాదు.

లగ్గు (వైరు చివర తొడిగే లోహపు తొడుగు) నొక్కడంలో తొందర వద్దు. రాగి పోగులు ఒక్కటీ తెగకుండా తోలు తీసి, లగ్గు గొట్టం అడుగు దాకా దూర్చి, సరైన సైజు పళ్లున్న సాధనంతోనే నొక్కండి. కటింగ్ ప్లేయరుతో చదును చేసిన లగ్గు ఆ రోజు గట్టిగానే కనిపిస్తుంది. దారి కుదుపులకు లోపల పోగులు వదులై వేడెక్కుతాయి. నొక్కాక వైరును రెండు చేతులతో బలంగా లాగి చూడాలి. అరగంట ఛార్జింగ్ తర్వాత ప్రతి జాయింటుకూ దగ్గరగా వేలి వెనక భాగం ఆనించి చూడండి. మిగతావి చల్లగా ఉండి ఒకటి వెచ్చగా తగిలితే దాన్ని కోసి మళ్లీ చేయాలి.

కలిపే వరస: ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టరు (ప్యానెల్ వైర్లను కలిపేది) లాగితే నిప్పురవ్వ లేస్తుంది, కాబట్టి బ్రేకరు ముందు దించండి. పనిచేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసేయండి, స్పానరు పిడికి టేపు చుట్టండి.

కంట్రోలర్‌లో ఛార్జింగ్ 14.2 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపే వోల్టేజి) 13.5 పెట్టండి. ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఇచ్చే ఎక్కువ వోల్టేజి ఛార్జింగ్), ఉష్ణోగ్రత సర్దుబాటు రెండూ ఆపేయాలి. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. దీని వోల్టేజి నిండుగా ఉన్నా సగమున్నా దాదాపు 13 దగ్గరే నిలబడుతుంది. ఎంత మిగిలిందో వోల్ట్‌మీటరు చెప్పలేదు, వచ్చిపోయే కరెంటును లెక్కగట్టే షంట్ మీటరు పెట్టుకోండి.

10. సైకిల్ బ్యాటరీకి ఎక్కించడం

తేలికైన దారి ఇన్వర్టర్‌కు సైకిల్‌తో వచ్చిన ఛార్జరునే తగిలించడం. పాతిక శాతం నష్టమున్నా, ఎప్పుడు ఆపాలో ఆ ఛార్జరుకు తెలుసు. మొదటిసారి కట్టేవాళ్లకు ఇదే సలహా. నష్టం తగ్గించాలంటే 12 వోల్టుల నుంచి పెంచే డీసీ ఛార్జరు వాడొచ్చు. అప్పుడు వోల్టేజి కచ్చితంగా ఉండాలి: 36 వోల్టుల బ్యాటరీ 10 సెల్స్ వరస, ఆపాల్సింది 42.0, 48ది 13 వరస, 54.6, 52ది 14 వరస, 58.8. బ్యాటరీ లేబులు చూసి, బ్యాటరీ తగిలించకముందే మల్టీమీటరుతో కొలిచి, ఛార్జింగ్ రంధ్రం ద్వారానే ఎక్కించండి. 48 దానికి 58.8 పెట్టారంటే, దాన్ని ఆపడానికి బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు ఒక్కటే మిగులుతుంది. అది కూడా విఫలమైతే మంటే.

ఏ పద్ధతైనా సైకిల్ బ్యాటరీని మీరు నిద్రపోయే గదిలో ఛార్జ్ చేయకండి. సాయంత్రం మెలకువగా ఉన్నప్పుడు, బయట, పొడి చోట పెట్టండి.

11. బ్రేకులు

65 కిలోలు వెనక నుంచి తోస్తుంటే సైకిల్ బ్రేకులకు అది అదనపు పని. సైకిల్‌కు 180 మి.మీ. డిస్క్‌లుండాలి. ట్రైలరుకు కూడా డిస్క్ హబ్బులు, కేబులు కాలిపర్లు పెట్టి, ఒకే మీటతో రెండు కేబుళ్లు లాగే, లాక్ అయ్యే బ్రేకు మీట హ్యాండిల్‌కు తగిలించండి. మూడు చక్రాల సైకిళ్లకు వాడే మీట ఇది. రెండు కేబుళ్ల బిగువు సమానంగా ఉండాలి, తేడా ఉంటే ట్రైలరు ఒక పక్కకు ఈడుస్తుంది. ఆగినప్పుడు ఇదే పార్కింగ్ బ్రేకు.

12. తొలి పరుగు

వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్లు, పొడవాటి జెండా బిగించాకే రోడ్డెక్కండి. మొదట ఖాళీగా, తర్వాత ముక్కు బరువు తూచినప్పటిలాగే సర్దిన బరువుతో 5 కి.మీ. గంటకు 10, 15, 20 వేగాల్లో ఒక్కోసారి వెనక్కి చూడండి. ఊగుడు కనిపిస్తే బ్రేకు మీద పడకుండా మెల్లగా వేగం తగ్గించి ఆగి, ముక్కు బరువు మళ్లీ తూచండి. ముక్కు సరిగ్గా ఉండీ ఊగుతుంటే కొక్కెంలో వదులు, టైర్లలో గాలి తేడా చూడాలి. దిగుడులో 15 దాటొద్దు.

ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు తన మామూలు వేగంలో సగానికి పడిపోతే కరెంటులో పెద్ద వాటా వేడిగా మారుతుంది. హబ్ మోటారైతే సాయం తగ్గించి తొక్కండి, ఆగినప్పుడు హబ్బు మీద చేయి పెట్టి చూడండి. నిలపలేనంత వేడి ఉంటే పావుగంట ఆగాలి.

ఎండ బాగా ఉండీ ఛార్జింగ్ సగానికి పడిందంటే ముందు నీడ వెతకండి. ముందు ప్యానెల్ మీద పడే తొక్కేవాళ్ల నీడ, వెనక సంచి నీడ చాలు ఒక ప్యానెల్ పూర్తిగా ఆగిపోవడానికి. తర్వాత దుమ్ము, ఆ తర్వాత కనెక్టర్లు. ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోతుంటే బ్యాటరీ దగ్గరా, ఇన్వర్టర్ దగ్గరా వోల్టేజి విడివిడిగా కొలవండి, తేడా 0.3 వోల్టులు దాటితే మధ్యలో లగ్గో ఫ్యూజు హోల్డరో వదులైనట్టే.

10 కి.మీ. తర్వాత ఒకసారి, 50 తర్వాత మరోసారి ప్రతి నట్టూ బిగించండి. చువ్వలను జంటలుగా వేళ్లతో నొక్కి చూడండి. కొత్త చక్రంలో మొదటి 50 కి.మీ.కే కొన్ని వదులవుతాయి. వాటిని అప్పుడే బిగిస్తే మిగతావి తెగవు.